ముగ్గురాయి ధర తేల్చేది రాయి ఒక్కటేనా? మంగంపేట చెప్పే 'అందరికీ తెలుసు' లెక్క ఇదీ!

మంగంపేట అనగానే ముగ్గురాయే గుర్తొస్తుంది. ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని ఈ బెరైటీస్ గనులకు ప్రపంచస్థాయి పేరుంది. ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీ ఇక్కడ రాయి తవ్వించి, గ్రేడ్ల వారీగా అమ్ముతుంది. చమురు బావుల డ్రిల్లింగ్‌లో వాడే బురదకు బరువు రావడానికి ఈ పొడి కలుపుతారు. అందుకే చమురు ధర పడితే మంగంపేటలోనూ గుబులు మొదలవుతుంది.

2014 జూన్‌లో బ్యారెల్ చమురు 100 డాలర్ల పైనే. 2016 జనవరికి 30 డాలర్ల కిందకు పడిపోయింది. ఇలాంటి వార్త తెలియని వ్యాపారి ఉండడు. మరి రాయి ధర కూడా వెంటనే అందరి లెక్కలో ఒకేలా తగ్గాలి కదా? మెలిక ఇక్కడే ఉంది.

అందరికీ తెలియడం వేరు.. 'అందరికీ తెలుసు' అన్న సంగతి కూడా అందరికీ తెలియడం వేరు. ఈ రెండోదాన్నే ఎకనామిక్స్‌లో కామన్ నాలెడ్జ్ అంటారు. తత్వవేత్త డేవిడ్ లూయిస్ 1969లో దీన్ని వివరిస్తే, రాబర్ట్ ఆమన్ 1976లో గణితంలో పెట్టారు. ఆమన్‌కు 2005లో నోబెల్ వచ్చింది.

సీల్డ్ టెండర్‌నే తీసుకుందాం. ఆర్డర్లు తగ్గుతాయని ఒక వ్యాపారికి తెలుసు. పక్కవాడు ఏమనుకుంటున్నాడో మాత్రం తెలియదు. 'వాడు ఎక్కువ కోట్ చేస్తే సరుకు పోతుంది' అన్న భయంతో తానూ రేటు పెంచేస్తాడు. చివరికి అందరికంటే ఎక్కువ ఆశపడినవాడికే రాయి దక్కుతుంది, నష్టమూ దక్కుతుంది. దీనికే విన్నర్స్ కర్స్ అని పేరు.

బహిరంగ ప్రకటన ఏం చేస్తుందో 2010లో కనిపించింది. డ్రిల్లింగ్ బెరైటీస్‌కు అప్పటిదాకా 4.2 సాంద్రతే ప్రమాణం. బరువైన రాయి తగ్గిపోతోందని పరిశ్రమలో చాలామందికి ముందే తెలుసు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 4.1 గ్రేడ్‌ను కూడా చేర్చాక, కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ మాట్లాడుకోవడానికి ఒకే అంకె దొరికింది. రాయి మారలేదు, దానిపై ఉమ్మడి నమ్మకం మారింది.

పెద్ద ఎగుమతిదారు ఒకసారి అంచనా తప్పినా తట్టుకుంటాడు. చిన్న పల్వరైజింగ్ మిల్లు అలా కాదు. ఎక్కువ రేటుకు రాయి కొని ఇరుక్కుంటే మిల్లు ఆగుతుంది, కూలీకి ఆ రోజు పని ఉండదు. అందుకే ఏ గ్రేడ్ ఎంత నిల్వ ఉంది, గత టెండర్ ఏ రేటుకు పోయింది అన్న లెక్కలు ఒకేసారి అందరి ముందుకూ రావడం ముఖ్యం. కొందరికే ముందు తెలిస్తే, ఆ తేడాకు మూల్యం చెల్లించేది చివరన ఉన్నవాడే.