శిఖరం మీది ఒంటరికి ఒడ్డున ఎవరున్నారు?

2015 మార్చి 24న మల్లి మస్తాన్ బాబు ఆండీస్ పర్వతాల్లోని సెర్రో ట్రెస్ క్రూసెస్ సుర్ శిఖరానికి ఒంటరిగా బయల్దేరారు. అర్జెంటీనా, చిలీ సరిహద్దు మీద ఉన్న ఆ శిఖరం ఎత్తు 6,749 మీటర్లు. ఆయన తిరిగి బేస్ క్యాంపుకు చేరలేదు. రెండు దేశాల బృందాలు గాలించగా ఏప్రిల్ 3న మృతదేహం దొరికింది. ఏప్రిల్ 25న నెల్లూరు జిల్లాలోని స్వగ్రామం గాంధీ జనసంఘంలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐఎం కలకత్తా దాటి, 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మనిషి ఆయన. కొండల గురించి ఏమీ తెలియకుండా వెళ్లాడని ఆయన్ను ఎవరూ అనలేరు.

'వాతావరణం అనుకూలించలేదు' అని ఆనాడు రాసుకున్నాం, చదువుకున్నాం, అంతటితో వదిలేశాం. కానీ ఆ రోజుల్లో అక్కడ వచ్చిన వాతావరణం మామూలుది కాదు. ప్రపంచంలోనే అత్యంత పొడి ప్రాంతాల్లో ఒకటైన అటకామా ఎడారిలో సరిగ్గా ఆ మార్చి 24, 25, 26 తేదీల్లోనే కుండపోత కురిసింది. ఏళ్ల తరబడి చుక్క నీరు పారని వాగులు బురదతో పొంగి కోపియాపో, చన్యరాల్ పట్టణాల మీద పడ్డాయి. పాతిక మందికి పైగా చనిపోయారు. చిలీ ప్రభుత్వం అక్కడ విపత్తు పరిస్థితి ప్రకటించింది. ట్రెస్ క్రూసెస్ ఉన్నది ఆ అటకామా ప్రాంతపు తూర్పు అంచునే. కింద ఎడారిలో వరద పారిన రోజుల్లో ఆరు వేల మీటర్ల పైన ఏముంటుందో ఊహించడం కష్టం కాదు. వెతకడానికి రావలసిన రెండు దేశాల యంత్రాంగాల్లో చిలీది అప్పటికే వరద పనుల్లో తలమునకలై ఉంది.

ఆ ఎత్తులో ఒంటరి మనిషికి ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మనకు, అంటే సముద్రమట్టానికి పాతిక మీటర్ల ఎత్తు కూడా లేని డెల్టా వాళ్లకు, అది అనుభవంలో లేని విషయం. ఎత్తు కిలోమీటరు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది. ఆరున్నర వేల మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి బెజవాడలో ఉన్నదానిలో సగం కూడా ఉండదు. చలి మైనస్ 15 ఉన్నప్పుడు గంటకు 60 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 30లా తగులుతుంది. గాలికి లేచిన మంచు, దిగొచ్చిన మేఘం కలిస్తే నేలకూ ఆకాశానికీ తేడా తెలియదు. ముందడుగు గట్టి నేల మీద పడుతుందో, గాలిలో పడుతుందో కంటికి అందదు. చేతి వేళ్లు మొద్దుబారి జిప్పు లాగలేవు, తాడు ముడి విప్పలేవు. ఒంటి వేడి 35 డిగ్రీల కంటే తగ్గడం మొదలైతే ముందుగా దెబ్బతినేది ఆలోచన. ప్రమాదంలో ఉన్నానన్న సంగతి ఆ మనిషికి స్పష్టంగా తట్టదు. పక్కన ఇంకొకరుంటే 'నీ మాట తడబడుతోంది, దిగుదాం పద' అంటారు. ఒంటరిగా ఉంటే ఆ మాట అనేవాళ్లు లేరు.

కాబట్టి ఒంటరిగా వెళ్లొద్దు అనడం తేలిక. నేను ఆ వాదనతో ఏకీభవించను. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్ర తాల్ దారిలో మంచు తుపానుకు చిక్కి తొమ్మిది మంది కర్ణాటక ట్రెక్కర్లు చనిపోయారు. వాళ్లు ఒంటరిగా వెళ్లలేదు. 22 మంది బృందం, వెంట గైడ్లు కూడా ఉన్నారు. మరోవైపు రైన్‌హోల్డ్ మెస్నర్ 1980 ఆగస్టు 20న ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఒక్కడే ఎవరెస్టు ఎక్కి దిగాడు. రుతుపవనాల మధ్య తెరిపి వచ్చేదాకా టిబెట్‌లో వారాల కొద్దీ వేచి ఉండి మరీ ఎక్కాడు. మనుషుల లెక్క కంటే, వెనక్కి తిరగాలన్న నిర్ణయం ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తీసుకుంటారన్నదే అసలు విషయం.

ఈ విషయం కృష్ణా డెల్టాకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. దాదాపు పది వేల మంది పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. హెచ్చరిక అసలు లేకపోలేదు. తుపాను వస్తోందని రేడియోలో చెప్పారు. అయితే రేడియో ఉన్న ఇళ్లు ఎన్ని? విన్నవాళ్లలో ఇల్లు వదలాలని నిర్ణయించుకోగలిగినవాళ్లు ఎందరు? కల్లంలో వడ్లు, కొట్టంలో గొడ్లు, మంచంలో ముసలి తల్లి ఉన్న మనిషి 'చూద్దాంలే, గాలి తగ్గుతుందేమో' అనుకోవడం సహజం. 1990 మే 9న అంతే భయంకరమైన తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. అప్పటికి తుపాను షెల్టర్లు వచ్చాయి, లక్షల మందిని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపే. గాలి తీవ్రతలో పెద్ద తేడా లేదు. మారింది నిర్ణయం తీసుకునే మనిషి. ప్రమాదంలో ఉన్నవాడి మీద ఆ నిర్ణయాన్ని వదిలేయకుండా, ప్రమాదానికి బయట ఉన్నవాళ్లు ముందే రాసిపెట్టుకున్న లెక్క ప్రకారం కదిలించారు. ఇవాళ మచిలీపట్నం పోర్టులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబరైనా, ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి, రెండో హెచ్చరికలైనా అలాంటి ముందు రాసుకున్న లెక్కలే. ఆ లెక్క లేనిచోట ఏమవుతుందో 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు చూశాం.

మచిలీపట్నం గిలకలదిండి హార్బరుకు వెళ్లి చూడండి. బోటు ఎన్ని రోజుల వేటకు పోతోందో ఒడ్డున అందరికీ తెలుసు. వేసుకున్న ఐసు, డీజిలు, బియ్యం చూస్తేనే తెలుస్తుంది. అన్ని రోజులు దాటి ఒక పూట గడిస్తే చాలు, ఇళ్లలో కంగారు మొదలవుతుంది, పక్క బోట్లకు ఫోన్లు పోతాయి. కడలి మీద మనిషి ఒంటరే కావచ్చు, ఒడ్డున ఆయన రాక కోసం లెక్క చూసుకునేవాళ్లున్నారు. మన కొండ ప్రయాణాల్లో లేనిది సరిగ్గా ఇదే. బెజవాడలో రైలెక్కి డెహ్రాడూన్ చేరి కేదార్‌కంఠ ట్రెక్కుకు పోయే కుర్రాడు ఇంట్లో 'నాలుగైదు రోజులు సిగ్నల్ ఉండదు' అని చెబుతాడు. ఏ రోజు ఏ దారిన ఎక్కడికి, ఏ సమయం దాటితే ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి కాగితం మీద రాసి ఇవ్వడు. మనమూ అడగం. తుపాను నాడు జిల్లా కంట్రోల్ రూం నంబరు గోడ మీద రాసుకునే ఇళ్లలో కూడా ఆ పని జరగదు.

కొండ మీద ఇలా ముందే రాసుకునే లెక్కను పర్వతారోహకులు తిరుగు సమయం అంటారు. శిఖరం ఎంత దగ్గరున్నా సరే, ఫలానా గంట కొట్టగానే వెనక్కి తిరగాలి. 1996 మే 10న ఎవరెస్టు మీద కొన్ని బృందాలకు మధ్యాహ్నం రెండు గంటలు ఆ గడువు. చాలామంది దాటేశారు. సాయంత్రం మంచు తుపాను కమ్మింది, ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. దానికి సరిగ్గా వారం ముందు, మే 3న, స్వీడన్ నుంచి సైకిల్ మీద వచ్చిన గోరాన్ క్రాప్ ఒంటరిగా ఎక్కుతూ శిఖరానికి సుమారు వంద మీటర్ల దూరంలో ఆగిపోయాడు. ఆలస్యమైంది, దిగేటప్పటికి చీకటి పడుతుందని వెనుదిరిగాడు. అదే నెల 23న మళ్లీ ఎక్కి శిఖరం చేరాడు.

క్రాప్ లాంటివాడు మన దగ్గర ఉంటే ఆ మే 3న మనం ఆయన్ను ఎలా చూసేవాళ్లం? ఇదే నన్ను బాధపెట్టే ప్రశ్న. 2014 మే 25న గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పటి నుంచి తెలుగు నేల మీద పర్వతారోహణకు కొత్త ఊపు వచ్చింది. సంక్షేమ గురుకులాల పిల్లలకు అది తెరిచిన తలుపు చాలా పెద్దది. దాన్ని తక్కువ చేసే మాట ఒక్కటీ నేను అనను. అయితే ఆ తర్వాత పెరిగినదేమిటి? అతి చిన్న వయసు, అతి తక్కువ రోజులు, శిఖరం మీద జెండా, బ్యానరు, దిగాక శాలువా, నగదు బహుమతి. అప్పు చేసో, చందాలెత్తో, దాత దగ్గర మాట ఇచ్చో ఆరు వేల మీటర్ల పైకి వెళ్లిన యువకుడికి వంద మీటర్ల దూరంలో మబ్బు కమ్మితే వెనక్కి తిరగడం ఎంత ఖర్చుతో కూడిన పనో ఆలోచించండి. దివిసీమ రైతుకు కల్లంలో వడ్లు ఎలాగో, ఆయనకు శిఖరం అలాగ. వదిలి రావడానికి మనసు ఒప్పదు. ఆ బరువును ఆయన భుజాల మీద పెట్టింది మనమే.

మొదటి పని సాయం ఇచ్చే తీరు మార్చడం. ప్రభుత్వమైనా, ప్రైవేటు దాత అయినా డబ్బిచ్చేటప్పుడు శిఖరంతో దాన్ని ముడిపెట్టకూడదు. ప్రయత్నానికి ఇవ్వాలి. వాతావరణం చూసి తిరిగొచ్చిన వాళ్లకు రెండో ప్రయత్నానికి కూడా డబ్బు అందుతుందని ముందే రాసివ్వాలి. ఒంటరిగా వెళ్తున్నవారైతే దారి, తిరుగు సమయం, ఆ సమయం దాటితే గాలింపు మొదలుపెట్టించే బాధ్యత గల ఒక మనిషి పేరు లేకుండా సాయం విడుదల చేయకూడదు.

రెండో పని ఢిల్లీలో జరగాలి. మన దేశంలో శాటిలైట్ ఫోన్ వాడాలంటే టెలికాం శాఖ ముందస్తు అనుమతి ఉండాలి. తురాయా, ఇరిడియం ఫోన్లు నిషిద్ధం. 2008 ముంబై దాడుల తర్వాత ఈ పట్టు బిగిసింది. ఫోన్ సిగ్నల్ లేని కొండల్లో ప్రాణాపాయం వస్తే సందేశం పంపే చిన్న పరికరాలతో వచ్చిన విదేశీ ట్రెక్కర్లు మన విమానాశ్రయాల్లో చిక్కుల్లో పడ్డారు. భద్రతా కారణాలను కాదనలేం. కానీ ఇదే దేశం సముద్రం విషయంలో దారి కనుక్కుంది. తీర రాష్ట్రాల్లో లక్ష మరపడవలకు ఇస్రో ఉపగ్రహంతో పనిచేసే ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకాన్ని 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించారు. ఖర్చు దాదాపు 360 కోట్ల రూపాయలు. తుపాను హెచ్చరిక పడవకు అందుతుంది, ఆపదలో ఉన్న పడవ నుంచి సందేశం ఒడ్డుకు చేరుతుంది. సంకేతం మన ఉపగ్రహం మీదుగా, మన ప్రభుత్వ వ్యవస్థలోనే పోతుంది కాబట్టి భద్రతకు భంగం లేదు.

ఆ పరికరాన్ని చేతిలో పట్టేంత చిన్నది చేసి, హిమాలయ రాష్ట్రాల్లో ట్రెక్కింగ్ అనుమతి ఇచ్చే కౌంటర్ల దగ్గరే అద్దెకు ఇవ్వవచ్చు. ఆధార్ చూపి తీసుకోవాలి, దిగాక తిరిగి అప్పగించాలి. గడువు దాటినా పరికరం వెనక్కి రాకపోతే ఆ కౌంటరే గాలింపు మొదలుపెట్టించాలి. పడవల పథకాన్ని నడుపుతున్న మత్స్యశాఖ, ఇస్రోల దగ్గర అనుభవం ఉంది. దాన్ని కొండలకు తీసుకెళ్లమని పార్లమెంటులో అడగవలసింది ముందుగా మన తీర జిల్లాల ఎంపీలే. పడవల మీద ఆ పరికరాలు పనిచేసే తీరు వాళ్ల నియోజకవర్గాల్లోనే కనిపిస్తోంది.