పిల్లి కంట్లో మన చుక్కలు

పిల్లి కన్ను ఎర్రబడి పుసులు కడుతోందంటే మన ఇళ్ళల్లో సలహా సిద్ధంగా ఉంటుంది. "మొన్న బాబుకి కళ్ళ కలక వచ్చినప్పుడు తెచ్చిన చుక్కలు ఫ్రిజ్‌లో ఉన్నాయిగా, అవే వెయ్యి." పిల్లి మీద ప్రేమ ఉన్నవాళ్ళే ఈ మాట అంటారు. అయినా ఇది చెడ్డ సలహా. కొన్నిసార్లు పిల్లి కన్ను పోగొట్టే సలహా.

ముందు ఆ సీసా మీద ఏముందో చదవండి. మందుల షాపులో చీటీ లేకుండా చేతికిచ్చే కలక చుక్కల్లో చాలావాటిలో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ఎరుపునీ వాపునీ అణచడం దాని పని. అయితే పిల్లుల్లో కలకకు మొదట అనుమానించాల్సింది దుమ్మునో ఎలర్జీనో కాదు, ఫెలైన్ హెర్పిస్ వైరస్‌ని. కూనగా ఉన్నప్పుడే తల్లి నుంచో తోటి కూనల నుంచో అంటుకుని, చాలా పిల్లుల్లో జీవితాంతం నాడుల్లో దాగి ఉంటుంది. ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా, ఇంకేదైనా జబ్బు చేసినా మళ్ళీ లేస్తుంది. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను తినేసి పుండు చేయగలదు. ఆ పుండు మీద స్టెరాయిడ్ పడితే పైకి ఎరుపు తగ్గుతుంది, మందు పనిచేసిందని ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు. వైరస్‌తో పోరాడే ఒంటి శక్తిని ఆ చుక్కే అణిచేసింది కాబట్టి లోపల పుండు లోతవుతుంది. ముదిరితే గుడ్డుకు చిల్లు పడుతుంది.

"చుక్కలు వద్దులే, దానంతటదే తగ్గుతుంది" అనేవాళ్ళ మాటలో సగం నిజముంది. మొదటిసారి వచ్చే హెర్పిస్ కలక చాలా పిల్లుల్లో రెండు మూడు వారాల్లో సద్దుమణుగుతుంది. కానీ సద్దుమణిగే కలకేదో, పుండు పడిన కన్నేదో మామూలు చూపుకి తెలియదు. ఫ్లోరెసిన్ అనే నారింజ రంగు మందు కంట్లో వేసి నీలి వెలుగులో చూస్తే పుండున్న చోటు పచ్చగా మెరుస్తుంది. నిమిషాల్లో తేలిపోయే పరీక్ష. అది చేయకుండా స్టెరాయిడ్ రాసే డాక్టర్లు ఉంటే వాళ్ళకూ ఈ మాటలు వర్తిస్తాయి.

క్లమిడియా అనే బాక్టీరియా వల్ల వచ్చే కలకది ఇంకో తీరు. దానికి చుక్కలు చాలవు, దాదాపు నెల రోజులు డాక్సీసైక్లిన్ కడుపులోకి వెళ్ళాలి. ఆ మాత్ర మింగించాక కాసిని నీళ్ళు పట్టకపోతే గొంతుకలో నిలిచి అన్నవాహికను కాల్చేస్తుంది. టీ డికాషన్, చనుబాలు, ఆముదం లాంటి ఇంటి వైద్యాల గురించి వాదించను. కాచి చల్లార్చిన నీళ్ళలో తడిపిన దూదితో, ఏ కంటికా దూది వేరుగా, పుసులు తుడవండి, చాలు. లైసిన్ అనే అమైనో ఆమ్లం పొడి కూడా హెర్పిస్‌కు పనిచేస్తుందనడానికి ఆధారం లేదని 2015లో వచ్చిన సమీక్ష తేల్చింది.

పర్షియన్ పిల్లుల యజమానులది వేరే ధీమా: "ఈ జాతికి కళ్ళు కారడం మామూలే." మొహం చప్పిడిగా ఉండటంతో కన్నీటి గొట్టం వంగిపోయి నీళ్ళు కారే మాట నిజమే. అయితే నల్లగుడ్డు మీద పుండ్లు పడేదీ, కార్నియాలో కొంత భాగం చచ్చి నల్లటి పెచ్చు కట్టేదీ ఎక్కువగా ఈ జాతికే. దాన్ని మురికనుకుని తుడిచే యజమానులూ ఉన్నారు. తరచు అది ఆపరేషన్‌తో గానీ పోదు.

పిల్లికి ఫీజు దండగంటారా? తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ ప్రభుత్వ పశువైద్య కళాశాలల్లో పిల్లులనూ చూస్తారు. పిల్లి కన్ను తెరవకుండా ముడుచుకున్నా, వెలుతురు భరించలేకపోయినా, నల్లగుడ్డు మసకబారినా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఫ్రిజ్‌లోని ఆ పాత సీసాను మాత్రం ఇప్పుడే పారేయండి. మూత తీసి నెల దాటిన చుక్కలు మీ కంటికీ పనికిరావు.