టీకా సరే, పరీక్ష మాటేమిటి?

పశువులలో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ వ్యాధులను 2030 నాటికి నిర్మూలించే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2019 సెప్టెంబరులో మధురలో జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అయిదేళ్లకు నిర్ణయించిన వ్యయం సుమారు 13,343 కోట్ల రూపాయలు. టీకాల సంగతి అటుంచితే, వ్యాధి ఉన్నదీ లేనిదీ తేల్చవలసినది ప్రయోగశాల. అక్కడ పని చాలావరకు పశువైద్య సహాయకుల చేతుల మీదుగానే నడుస్తుంది.

బ్రూసెల్లోసిస్‌కు చేసే రోజ్ బెంగాల్ పరీక్ష చూడడానికి సులువే. చుక్క సీరంలో అంతే యాంటిజెన్ కలిపి, నాలుగు నిమిషాలు కదిలించి, రేణువులు కట్టాయేమో చూడాలి. అయితే యాంటిజెన్‌ను చల్లగా ఉండగానే వాడినా, గడువు దాటాక చూసినా ఫలితం తారుమారు కావచ్చు. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో టీకా పొందిన పెయ్యలలో సైతం వ్యాధి ఉన్నట్లే కనిపించవచ్చు. చెవిపోగు సంఖ్యతో టీకా తేదీని సరిపోల్చడమూ ఈ విద్యలో భాగమే.

పొరపాటున 'ఉంది' అంటే రైతు పాడిగేదెను అయినకాడికి అమ్ముకుంటాడు. పొరపాటున 'లేదు' అంటే ఈసుకుపోయిన పశువు మందలోనే ఉండిపోతుంది. పచ్చిపాలు తాగినవారికి, మాయను తాకినవారికి కూడా ఈ వ్యాధి సోకుతుంది. నమూనాలు తీసే సహాయకుడికీ ఆ ముప్పు తప్పదు.

ఇది పాఠ్యపుస్తకంతో పట్టుబడే నేర్పు కాదు. ఫలితం ముందే తెలిసిన నమూనాలను ఆ సంగతి చెప్పకుండా ఇచ్చి, సహాయకుల చేత పదే పదే పరీక్ష చేయించి సరిచూడాలి. అందుకయ్యే ఖర్చు టీకాల బిల్లుతో పోలిస్తే స్వల్పమే.