విరామ వేళ : ఒకే పంపకం, ఇద్దరు ఆటగాళ్ళు

గత సంచికలో చదరంగపు గడియారమును గురించి ముచ్చటించుకున్నాము. అది చదివిన ఒక సోదరీమణి బచేలి కాలనీ నుండి ఉత్తరం వ్రాస్తూ ఒక చిక్కు ప్రశ్న వేశారు. "మా వారు రాత్రి భోజనమైన తరువాత ఫోనులో సాలిటేర్ ఆడుకుంటారు. అడిగితే స్నేహితునితో పోటీ అంటారు. ఒంటరిగా ఆడే పేకాటకు పోటీ ఏమిటండీ? ఇది నిజమా, నన్ను మభ్యపెట్టుటా?" అని.

అమ్మా, మీ వారు నిజమే చెప్పారు. అయితే ప్రశ్న మాత్రం న్యాయమైనది. సాలిటేర్ అన్న మాటకే ఒంటరి అని అర్థం. మా పెదనాన్నగారు వేసవి మధ్యాహ్నాలలో మండువాలో చాప పరచుకుని, పేకముక్కలు వరుసలుగా పేర్చుకుంటూ తనలో తాను గొణుక్కునేవారు. ఆట కుదిరితే తన ప్రజ్ఞ, కుదరకపోతే పేక దోషం. ఆ తీర్పును ప్రశ్నించుటకు ఎదుట ఎవరూ ఉండేవారు కారు. పక్క అరుగు మీద ఇంకొకరు ఇంకొక పేకతో ఆడినా ఇద్దరినీ పోల్చుటకు వీలు లేదు. యాభైరెండు ముక్కలను ఎన్ని విధాల అమర్చవచ్చునో లెక్కకట్టితే 68 అంకెల సంఖ్య వస్తుంది. ఇద్దరు మనుషులు విడివిడిగా కలిపిన పేకలో ఒకే వరుస పడుట ఇంచుమించు అసంభవం. ఒకరికి ఆసులన్నీ పైన, ఇంకొకరికి అట్టడుగున పడినప్పుడు గెలుపోటములకు అర్థమేమున్నది?

కంప్యూటరు వచ్చిన కొత్తలోనూ ఈ లోపం తీరలేదు. 1990లో మైక్రోసాఫ్ట్ వారి విండోస్ 3.0 తోపాటు వచ్చిన సాలిటేర్‌ను వ్రాసినవాడు వెస్ చెర్రీ. ఆ సంస్థలో శిక్షణకు వచ్చిన విద్యార్థి. ముక్కల బొమ్మలు గీసినది సుసాన్ కేర్. మౌసుతో వస్తువును పట్టి లాగి మరొకచోట వదలుట జనానికి అలవాటు చేయుటకు ఆ ఆట ఎంతో ఉపకరించినది. నేను ఉద్యోగంలో చేరిన నాటికి మా విభాగంలో ఉన్నది ఒకే కంప్యూటరు. దానికి చల్లని గది, గుడ్డ ముసుగు, గది బయట చెప్పులు విడువవలెనన్న నిబంధన. మధ్యాహ్న విరామంలో (విరామంలోనే అని మనవి) ఆ గదిలో నేర్చిన మొదటి విద్య అదే. ఆ ఆటకు క్లాండైక్ అని పేరు. కెనడాలో బంగారం త్రవ్వకాలకు పేరుబడిన సీమ అది. ఇనుపరాయి త్రవ్వే మాకు ఆ పేరు వింటే ముచ్చటగా ఉండేది.

పోటీ మాత్రం విండోస్ 95తో వచ్చినది. అందులోని ఫ్రీసెల్ అనే ఆట మూలరూపాన్ని 1978లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పాల్ ఆల్ఫిల్ అనే విద్యార్థి అక్కడి ప్లేటో కంప్యూటరు మీద రూపొందించాడు. విండోస్‌కు మలచినవాడు జిమ్ హార్న్. ఎనిమిది నిలువు వరుసలలో 52 ముక్కలూ మొగము చూపుతూనే ఉంటాయి. దాపరికం లేదు. ఎరుపు మీద నలుపు, నలుపు మీద ఎరుపు దిగుతూ పేర్చుకోవాలి. నాలుగు ఖాళీ గదులలో ముక్కలను తాత్కాలికంగా ఉంచుకోవచ్చు. చివరకు ఆసు మొదలు రాజు వరకు ఏ జాతి ముక్కలు ఆ జాతి గడికి చేరాలి. హార్న్ చేసిన గొప్ప పని, ప్రతి పంపకానికీ ఒక సంఖ్య కేటాయించుట. 1 నుండి 32,000 వరకు ఏ సంఖ్య నొక్కితే ఆ పంపకమే వస్తుంది. కిరండూల్‌లో నొక్కినా, కాలిఫోర్నియాలో నొక్కినా అదే.

అప్పుడు నేను కిరండూల్‌లోను, నాకంటే ఏడేండ్లు పెద్దవారైన ఒక సహోద్యోగి బచేలిలోను ఉండేవారము. ఆయనను నేను అన్నగారు అని పిలిచేవాణ్ణి, ఇప్పటికీ అంతే. కార్యాలయపు టెలిఫోనులో క్రషర్ నిలిచిపోయిన సంగతి, డంపర్ల సంగతి మాటలాడుకున్న తరువాత, ఫోను పెట్టే ముందు ఆయన ఒక సంఖ్య చెప్పేవారు. మరునాడు ఫలితం. బ్రిడ్జి పోటీలలో అవే చేతులను బల్ల నుండి బల్లకు త్రిప్పి ఆడించుట మన ఆఫీసర్ల క్లబ్బు పెద్దలకు తెలిసినదే. మాదీ అదే సూత్రం. పేక మీద నింద వేయుటకు ఇక వీలు లేదు.

ఒకనాడు ఆయన 11982 అని చెప్పి ఫోను పెట్టేశారు. వారం రోజులు కుస్తీ పట్టాను. కలలో కూడా అవే ముక్కలు. ఎనిమిదవనాడు ఓటమి ఒప్పుకుంటే ఆయన నవ్వు ఫోను లేకుండానే వినిపించేటంత పెద్దది. సంగతేమిటంటే, 1994-95లో డేవ్ రింగ్ అనే ఆయన ఇంటర్నెట్ ద్వారా వందమందికి పైగా ఔత్సాహికులను కూడగట్టి 32,000 పంపకాలనూ పంచి ఆడించాడు. అన్నీ తెగినవి, 11982 ఒక్కటి తప్ప. దానికి దారి లేదని తరువాత కంప్యూటరు శోధనలు కూడా తేల్చాయి. అమెరికాలోని బంధువు ఉత్తరం ద్వారా అది తెలుసుకుని అన్నగారు నా మీద ప్రయోగించారు!

ఆయన పదవీ విరమణ చేసి విశాఖపట్నంలో స్థిరపడ్డారు. కంప్యూటరు గది పోయినది, ఆట ఫోనులోకి వచ్చినది. ఆ పాత సంఖ్యలనే వాడే ఆటలు ఇప్పుడు ఫోనులలో అనేకం. అందరికీ రోజుకొక ఒకే పంపకాన్ని ఇచ్చేవీ ఉన్నాయి. మా నియమాలు రెండే. వేసిన ఎత్తును ఒక్కసారి మించి వెనుకకు తీసుకోరాదు (విండోస్ 95లో అంతే వీలుండేది, నేటి ఆటలు ఎంత వెనుకకైనా పోనిస్తాయి, అది మాకు సమ్మతం కాదు). ఓడినవాడు ఫోను చేయవలెను. డబ్బు ప్రసక్తి లేదు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సికింద్రాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో చెప్పినది నిజమే. కాని ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటలు కొంపలు ఎలా ముంచాయో మన కాలనీలలో తెలియనిది కాదు. పార్లమెంటు 2025 ఆగస్టులో వాటిని నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు నేను సంతోషించినవారిలో ఒకణ్ణి.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండేండ్ల క్రితం అన్నగారు వరుసగా ఓడిపోసాగారు. మొదట నాకు గర్వంగానే ఉండేది. తరువాత ఆయన ఫోనులో మాటలు పొట్టివయినవి. ఒకనాడు "ఇక చాలించుదామోయ్, బుర్ర పని చేయడం లేదు" అన్నారు. ఆ తరువాత సంఖ్యలు లేవు, కాబట్టి ఫోనులూ లేవు. పది రోజులు చూచి నేనే చేశాను. వదినగారు ఫోను ఎత్తి, గొంతు తగ్గించి చెప్పారు. ఆయన పెద్దన్నగారు మతిమరుపు జబ్బుతో చివరి రోజులలో ఇంటివారిని కూడా గుర్తించలేకపోయారట. తనకూ అదే మొదలైనదని ఈయన భయం. వైద్యుని వద్దకు రమ్మంటే కసురుతున్నారట.

బలవంతం మీద ఒక ఆటకు ఒప్పించాను. చిక్కుకున్నచోట ఆగి నాకు చెప్పవలెనని షరతు. ఆ రాత్రి ఫోను చేసి, "ఐదవ వరుసలో ఇస్పేటు మూడు మీద నాలుగు ముక్కలు ఎక్కి కూర్చున్నాయి, అది బయటపడే దారి లేదు" అన్నారు. నేను అదే సంఖ్య తెరచి ముందుపెట్టుకున్నాను. ఐదవ వరుసలో మునిగి ఉన్నది కళావరు మూడు. ఇస్పేటు మూడు రెండవ వరుస చివర, చేతికి అందేలా ఉన్నది! మరునాడు ఇంకొక సంఖ్య. ఈసారి ఇస్పేటు రాణిని కళావరు రాణి అన్నారు. మూడవనాడూ అంతే. ఆఠీను, డైమనుల దగ్గర ఒక్కసారి కూడా తడబాటు లేదు. ముక్కల విలువలు, ఎత్తుల ఆలోచన, పది ఎత్తుల ముందుచూపు అన్నీ సక్రమంగానే ఉన్నాయి.

గనులలో పనిచేసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. విశాఖ రేవులో ఓడకు ఎక్కించేటప్పుడు ఒకసారి, జపాను రేవులో దించేటప్పుడు మరొకసారి ఖనిజంలో ఇనుము శాతం కట్టుట మన ఎగుమతిలో ఏండ్ల తరబడి నడచిన పద్ధతి. ఒకే నమూనాకు రెండు చోట్ల రెండు ఫలితాలు వస్తే రాయిని ఎవరూ అనుమానించరు. తేడా ఒకసారి అటు, ఒకసారి ఇటు వస్తే అది పొరపాటు. ఎప్పుడూ ఒకే పక్కకు వస్తే పరికరాన్ని విప్పి చూడవలసినదే. మతి తప్పినవాడు ఎక్కడైనా తప్పుతాడు. నలుపులో నలుపు దగ్గర మాత్రమే తప్పడు. ఇస్పేటుకు, కళావరుకు రంగు ఒకటే, భేదమంతా ఆ చిన్న బొమ్మ అంచులలో ఉంటుంది. పరికరం మెదడు కాదు, కన్ను.

వదినగారికి చెప్పాను. కంటి వైద్యుడు రెండు కళ్ళలోనూ శుక్లములు ముదిరినవని తేల్చాడు. అప్పుడు గాని అన్నగారు ఇంకొక నిజం బయటపెట్టలేదు. సాయంత్రాలు ఎదురుగా వచ్చే బండ్ల దీపాలు పువ్వులలాగా చెదరి కనిపిస్తున్నాయట. అయినా రోజూ మనుమణ్ణి స్కూటరు ముందు నిలబెట్టుకుని ట్యూషను నుండి ఇంటికి తెస్తూనే ఉన్నారు. ఆ మాట విని వదినగారు స్కూటరు తాళం కొంగున ముడివేసుకున్నారట.

నెల వ్యవధిలో ఒక్కొక్క కన్నుకు శస్త్రచికిత్స జరిగి కృత్రిమ కటకాలు అమర్చారు. చుక్కల మందు పూర్తయ్యే వరకు ఫోను ముట్టరాదని వదినగారి ఆంక్ష. అది తీరిన రోజు రాత్రి తొమ్మిది గంటలకు నా ఫోనులో ఐదంకెల సంఖ్య ఒకటి ప్రత్యక్షమైనది, వేరే మాట లేదు. ముందు జాగ్రత్తగా అది 11982 కాదని చూచుకుని మొదలుపెట్టాను. పదకొండు దాటే వరకు పెనగులాడి, ఆఖరి ఖాళీ గదిలో ఆఠీను పదిని ఇరికించి కదలలేక ఆగిపోయాను.

నియమం నియమమే. మరునాడు తెల్లవారి షిఫ్టు బస్సు ఎక్కకముందే ఫోను చేశాను.

"ఏమోయ్, ముక్కలు ఇంత తెల్లగా ఉంటాయని మరచేపోయాను సుమా" అన్నారు అన్నగారు. "సరే గాని, ఈ రాత్రికి సంఖ్య నీది."