రాకెట్‌కి చప్పట్లు, పరికరానికి మొండిచెయ్యి

శ్రీహరికోటలో రాకెట్ లేస్తే చాలు, మన ఐటీ జనాలకి దేశభక్తి పొంగుకొస్తుంది. లోపల ఏ పరికరం వెళ్ళిందో అడగండి, ఒక్కరూ చెప్పరు. రిలీజ్ పార్టీ చేసుకుని ప్రొడక్షన్ లాగ్ తెరవని టీమ్‌ని ఏమంటాం?

1994 మే 4న ఏఎస్‌ఎల్‌వీ మోసుకెళ్ళిన స్రాస్-సి2 సంగతే తీసుకోండి. అందులో అయనోస్ఫియర్‌ని కొలిచే రిటార్డింగ్ పొటెన్షియల్ అనలైజర్ ఉంది. లోహపు జల్లెడకి వోల్టేజి పెట్టి మారుస్తూ పోతే, ఎన్ని అయాన్లు దాటొచ్చాయో కరెంటు చెప్తుంది. దాన్నిబట్టి అక్కడి సాంద్రత, ఉష్ణోగ్రత లెక్క కడతారు. ఆ ఉపగ్రహం 2001 దాకా తిరిగింది. మనలో ఎంతమందికి దాని పేరు తెలుసు?

"దానివల్ల మనకేంటి?" అంటారా? పరిటాల ఆంజనేయస్వామి విగ్రహం దాటుతూ ఫోన్లో దారి చూసుకుంటాం కదా, ఆ జీపీఎస్ సిగ్నల్ అయనోస్ఫియర్ లోంచే రావాలి. అక్కడి ఎలక్ట్రాన్లు దాన్ని ఆలస్యం చేస్తాయి. సవరించకపోతే లెక్క మీటర్లకొద్దీ తప్పుతుంది. భూమధ్యరేఖకి దగ్గరున్న మనకి ఈ బెడద యూరప్ వాళ్ళకంటే ఎక్కువ. వాళ్ళ కొలతలు మనకి అతకవు. అందుకే విమానాల కోసం గగన్ కట్టినప్పుడు, దేశమంతా స్టేషన్లు పెట్టి మన ఆకాశాన్ని మనమే కొలుచుకోవాల్సొచ్చింది.

2023 సెప్టెంబర్ 2న వెళ్ళిన ఆదిత్య-ఎల్1లో కూడా సౌరగాలిలోని ఎలక్ట్రాన్లనీ, అయాన్లనీ కొలిచే 'పాపా' ఉంది. ఆదిత్య డేటాని ఇస్రో 2025 జనవరిలో అందరికీ ఇచ్చింది. లాగ్‌లు చదివే కదా మనం జీతం తీసుకునేది! చప్పట్లు చాలుగానీ, ఒక్క ఫైలు తెరవండి బాబూ.