ఒక వైకల్యానికి చదువు, అన్ని వైకల్యాలకూ కొలువు

మామూలు బీఈడీలో సీటు రానివాళ్లు చేరే కోర్సు అని స్పెషల్ బీఈడీ మీద చాలాకాలం చిన్నచూపు ఉండేది. ఇప్పుడు గాలి మారింది. తెలంగాణ 2024 డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు దక్కాయి. ఆంధ్రప్రదేశ్ 2025 ఏప్రిల్‌లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. ఇదేమీ ప్రభుత్వాలకు ఉన్నట్టుండి పుట్టుకొచ్చిన దయ కాదు. ప్రాథమిక తరగతుల్లో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపైన పదిహేను మందికి ఒకరు చొప్పున టీచర్లు ఉండాలని రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. ఎవరూ కదలకపోతే 2025 మార్చిలో రాష్ట్రాలకు గడువు పెట్టింది.

పోస్టులు వచ్చాక కోర్సుకు గిరాకీ ఎలాగూ పెరుగుతుంది. ఆ కోర్సు నేర్పేదానికీ, ఉద్యోగం అడిగేదానికీ పొంతన ఉందా అన్నదే నా అనుమానం.

భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తింపుతో నడిచే ఈ రెండేళ్ల చదువులో చేరేటప్పుడే వినికిడి లోపమో, చూపు లోపమో, మేధోవైకల్యమో ఒకటి ఎంచుకోవాలి. మిగతావాటికి పరిచయ పేపర్లతో సరి. జాతీయ సంస్థలు పుట్టిందే అలా విడివిడిగా. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన సంస్థ మేధోవైకల్యానికి, ముంబయిలోని అలీ యావర్ జంగ్ సంస్థ వినికిడికి, దేహ్రాదూన్ సంస్థ చూపుకు. బధిరుల బడి, అంధుల బడి వేరువేరుగా నడిచిన రోజులకు ఆ ఏర్పాటు చక్కగా సరిపోయింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చి వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచి, పిల్లల్ని అందరితోపాటు ఊరి బడిలోనే చేర్చుకోమంది. డిగ్రీ మాత్రం పాత అచ్చులోనే ఉంది.

ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రానికి వెళ్తే తేడా తెలుస్తుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాప, చెవి వినపడని బాబు, ఆటిజం ఉన్న ఇంకో పిల్లాడు ఒకే గదిలో ఉంటారు. ఎదురుగా ఉన్న ఐఈఆర్పీ (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్) చదివింది వినికిడి లోపం ఒక్కటే కావచ్చు. బ్రెయిలీ పలక మీద చుక్కలు కుడి నుంచి ఎడమకు పొడవాలని పరీక్ష కోసం చదివే ఉంటారు, వేళ్లకు మాత్రం ఆ అలవాటు ఉండదు.

ఈ చదువంతా వేళ్లకు అలవాటు కావాల్సిందే. మేధోవైకల్యం ఉన్న పిల్లాడికి నిక్కరు తొడుక్కోవడం నేర్పాలనుకోండి. తెలియనివాళ్లు మొదటి నుంచి మొదలుపెడతారు: పట్టుకో, వంగు, కాలు దూర్చు... సగంలోనే వాడు విసిగిపోతాడు. తెలిసిన టీచరు చివరి నుంచి వస్తారు. అంతా తనే తొడిగి, తొడల దాకా లాగి, నడుము మీదికి లాక్కోవడం ఒక్కటే వాడికి వదిలేస్తారు. పని పూర్తిచేసిన సంతోషం మొదటిరోజే వాడికి దక్కుతుంది. అది పట్టుబడ్డాక మోకాళ్ల దగ్గర నుంచి, ఆ తర్వాత చీలమండల దగ్గర నుంచి. బ్యాక్‌వర్డ్ చైనింగ్ అనే ఈ పద్ధతి పుస్తకంలో అరపేజీ ఉంటుంది. ఎప్పుడు మన చెయ్యి వెనక్కి తీసుకోవాలన్నది పిల్లాడి పక్కన కూర్చుంటే తప్ప అంతుపట్టదు. వాళ్లమ్మకూ నేర్పాలి, లేకపోతే టైమైపోతోందని పొద్దున్నే ఆవిడే తొడిగేస్తుంది.

అందుకే నాకు భయం. మామూలు బీఈడీకి పట్టిన నాన్-అటెండెన్స్ జబ్బు మన రెండు రాష్ట్రాల్లో ఎవరికీ కొత్త కాదు. డబ్బులిస్తే రికార్డులు రాసిపెట్టేవాళ్లూ ఉన్నారు. ఒక్క పిల్లాడిని చూసి రాయాల్సిన వ్యక్తిగత విద్యా ప్రణాళికను (ఐఈపీ) కూడా పేరు మార్చి కాపీ కొడితే ఈ డిగ్రీలో ఇక మిగిలేదేమిటి? ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, అందుకు నిరంతర పునరావాస విద్య (సీఆర్ఈ) పాయింట్లు కావాలి. సెమినార్‌లో కూర్చుంటే పాయింట్లు వస్తాయి, పనితనం సంగతి ఎవరూ అడగరు.

భాష సంగతి సరేసరి. అభ్యసన వైకల్యం పాఠంలో ఉదాహరణ ఎప్పుడూ ఇంగ్లిషు బి, డి అక్షరాల తారుమారే. మన పిల్లాడు తడబడేది గుణింతాల దగ్గర, వత్తుల దగ్గర, చూడ్డానికి ఒకేలా ఉండే ‘ప, ష’ల దగ్గర. ‘పలక’ గడగడా చదివి ‘చక్రం’ దగ్గర ఆగిపోయినవాడికి సరిగ్గా నేర్పలేదా, నిజంగానే వైకల్యం ఉందా? తెలుగులో సాధన చేయించి చూసినవాళ్లే తేల్చగలరు.

ఇదంతా మారాలంటే చివరి సెమిస్టరు మొత్తం మండలాల్లోని భవిత కేంద్రాల్లో, రకరకాల వైకల్యాలున్న పిల్లల మధ్య గడవాలి. ప్రాక్టికల్ పరీక్షంటే పిల్లాడితో చేసే ఒక సెషన్ కావాలి, చార్టుల ప్రదర్శన అక్కర్లేదు. పర్యవేక్షించేవాళ్లు ఎక్కడున్నారంటారా? ఏళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఐఈఆర్పీలు ఉన్నారు. డిగ్రీ చెప్పనిది పనిలో పడి నేర్చుకున్నవాళ్లు. వాళ్లకు ట్రైనీలను అప్పగించి, గౌరవ వేతనం ఇచ్చి, ప్రాక్టికల్ మార్కుల్లో సగం వాళ్ల చేతికివ్వాలి. వాళ్ల క్వాలిఫికేషన్ చాలదని యూనివర్సిటీలు అడ్డం పడతాయి, తెలుసు. ఎగ్జామినర్లుగా వచ్చే అధ్యాపకుల్లో ఎంతమంది గత ఐదేళ్లలో ఒక్క భవిత కేంద్రంలోనైనా పిల్లాడి పక్కన కూర్చున్నారో, అదే ఊపులో ఆ లెక్క కూడా తీయిస్తే బాగుంటుంది.