అరచేతిలో విశ్వవిద్యాలయం

"విశ్వవిద్యాలయమే అరచేతిలోకి వచ్చింది, ఇంకా అధ్యయన కేంద్రాలెందుకు, అధ్యాపకులెందుకు?" అని అడిగే పెద్దలు యీమధ్య విద్యారంగంలో బయలుదేరారు. వినడానికి యీ మాట ఎంతో ప్రజాస్వామికంగా వుంది. కాని యీ వాదన సారాంశం పొదుపు. అదీ పేదవాడి చదువు మీద.

పని చేసుకుంటూ చదివేవారి కోసం 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అదే మొదటిది. రేడియో పాఠాలు ఆనాడూ వున్నాయి. అయినా అంతటితో సరిపెట్టక, అధ్యయన కేంద్రాలు పెట్టి సెలవురోజుల్లో తరగతులు నడిపారు. నేటి యంత్రం సందేహాలకు జవాబు కూడా చెపుతుందంటారు. నిజమే. అయితే సందేహం అడగడానికే జంకే విద్యార్థిని కనిపెట్టేదెవరు?

ఇక ఆ అరచేయి ఎవరిదో చూద్దాం. 2017-18 జాతీయ నమూనా సర్వే నాటికి దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ సౌకర్యం వున్నవి నూటికి 15. కంప్యూటర్ వున్నవి నూటికి 4. తరువాత ఫోన్లు పెరిగాయి, కాదనను. కాని మాచర్ల పక్క పల్లెలో మిరపకోతకు పోయే ఇల్లాలు ఆగిన డిగ్రీని మళ్లీ అందుకోదలిస్తే, ఇంట్లో వున్న వొక్క ఫోనూ పగలు భర్త జేబులో, రాత్రి పిల్లల చేతిలో వుంటుంది. ఆమె ఎప్పుడు చదవాలి?

2017లో కేంద్ర ప్రభుత్వం 'స్వయం' ప్రారంభించింది. పాఠాలు ఉచితం, ధ్రువపత్రం కావాలంటే పరీక్షకు రుసుము కట్టాలి. పాఠాల్లో అత్యధిక భాగం ఇంగ్లీషులోనే. 2021 నిబంధనలు సెమిస్టరు కోర్సుల్లో నూటికి 40 వరకు ఇలా చదవవచ్చునన్నాయి. తెలుగులో చదివి ఆగిపోయినవారికి దీనివల్ల ఒరిగేదెంత?

లెక్చరర్లు ఉద్యోగభయంతో యంత్రాన్ని ద్వేషిస్తున్నారని కొందరి ఆక్షేపణ. మేము యంత్రద్వేషులం కాము. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పడవ వచ్చింది గనుక గ్రంథాలయ కార్యకర్త అక్కరలేదని ఆయన అనలేదు. పడవ వున్నదే ఆ కార్యకర్తను పాఠకుడి దగ్గరకు చేర్చడానికి.

కాబట్టి మన కోర్కె స్పష్టం. నరసరావుపేట, గురజాల, మాచర్లలలో సాయంత్రాలు తెరచివుండే కేంద్రాలు కావాలి. వాటిలో కంప్యూటర్లు, తెలుగు పాఠాలు, జీతమిచ్చి నియమించిన అధ్యాపకుడు వుండాలి. వీటికి డబ్బు లేదనేవారు ఆ మాటే సూటిగా చెప్పాలి. ఖర్చు తగ్గించుకుని, దానికి విద్యావిప్లవమని పేరు పెడితే మనం నమ్మనక్కరలేదు.